టైరు మీది నాలుగంకెలు, జాబ్ కార్డులోని ఒక్క వాక్యం

ప్రశ్న: ఒంగోలులో ఉంటాను. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా కారు 2016లో కొన్నది, ఇప్పటికి 31 వేల కిలోమీటర్లే తిరిగింది. అమ్మాయి పెళ్లి ముందు, 2023 మే 18న, ఇరవై ఏళ్లుగా తెలిసిన దుకాణంలో నాలుగు కొత్త టైర్లు వేయించాను. 22,400 రూపాయలు అయింది. 2025 ఫిబ్రవరి 9న నెల్లూరు వెళ్తుండగా కావలి దాటాక వెనక ఎడమ టైరు పేలి కారు డివైడర్‌కు కొట్టుకుంది. నా భార్య కుడి చెయ్యి విరిగింది. టైరు మీద 3117 అని ఉందని, అంటే అది 2017లో తయారైందని మెకానిక్ చూపించాడు. దుకాణదారుడిని అడిగితే ‘బటన్లు (రోడ్డును పట్టే గట్లు) నిండుగా ఉన్నాయి కదా మాస్టారూ, టైరుకు ఎక్స్‌పైరీ ఎక్కడుంటుంది’ అన్నాడు. పేలిన టైరు తెచ్చిస్తే రెండు కొత్తవి ఉచితంగా ఇస్తానని, ఉగాది తర్వాత కంపెనీ మనిషి వస్తాడని చెబుతున్నాడు. 2024 జూన్ 7న సర్వీసు సెంటర్‌వాళ్లు జాబ్ కార్డులో ‘2017 టైర్లు, పక్కల పగుళ్లు ఉన్నాయి, మార్చుకోవడం మంచిది’ అని రాశారు. అమ్మకం కోసం అంటున్నారులే అని పట్టించుకోలేదు. ఆ కార్డు చించేసి, ప్రమాదం రోజునే మనకు తెలిసిందని చెబితే కాలపరిమితి అక్కడి నుంచి మొదలవుతుందని మా బంధువు ఒకాయన అంటున్నారు. మిగతా మూడు టైర్లు బాగానే ఉన్నాయి, స్టెప్నీ వేసుకుని నడుపుతున్నాం. ఇంత నమ్మకద్రోహానికి న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీల్లో ఆ దుకాణదారుడితో మీ స్నేహం, పెళ్లికి ఆయన మోసిన కుర్చీలు, ఇప్పుడు ఆయన ముఖం చాటేయడం. వాటిని పక్కన పెట్టాను. ఇరవై ఏళ్ల పరిచయానికి సాక్ష్యపు విలువ లేదు. నాలుగో పేజీ అడుగున, పోనీలే అన్నట్టు రాసిన జాబ్ కార్డు ముక్కే మీ కేసు.

ఎందుకో చెబుతాను. మీరు పంపిన బిల్లు నకలులో ‘185/65 ఆర్ 15, నాలుగు’ అని ఉంది తప్ప టైర్ల నంబర్లు లేవు. రేపు దుకాణదారుడి న్యాయవాది లేచి ‘మేము అమ్మినవి తాజా టైర్లే. మాస్టారు తర్వాత ఎక్కడో చవకగా దొరికిన పాతవి వేయించుకుని మా మీద పడ్డారు’ అంటే మీరేం చెబుతారు? చేతిలో పాత టైరు ఉంది, కొత్త టైర్ల బిల్లూ ఉంది. ఆ రెంటినీ కలిపే ముడి లేదు. టైరు వయసు, చట్టం, నష్టపరిహారం, అన్నీ ఆ ముడి పడ్డాక మాట్లాడుకోవలసిన సంగతులు.

ఆ ముడిని వేసేది జాబ్ కార్డు. మీ గొడవతో ఏ సంబంధమూ లేని మూడో మనిషి, గొడవ మొదలు కాకముందే, మీ కారుకు ఉన్నవి 2017 టైర్లని తేదీతో సహా రాశాడు. దాని మీద ఓడోమీటరు అంకె కూడా ఉంటుంది. కొన్న రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించి ఉంటే ఆ చీటీ మీదా ఉంటుంది. రెండు అంకెల మధ్య తేడా మూడు నాలుగు వేల కిలోమీటర్లే అయితే, ఆ కాస్త తిరుగుడులో కొత్త టైర్లు తీసేసి పాతవి ఎందుకు వేయించుకుంటారన్న ప్రశ్నకు అవతలివారే జవాబు చెప్పుకోవాలి. మిగతా మూడు టైర్ల నంబర్లూ చూడండి. అవి కూడా 3117 గానీ దాని ముందు వెనక వారాలు గానీ అయితే నాలుగూ ఒకే దుకాణపు మూల నుంచి ఒకేసారి వచ్చాయన్న వాదనకు బలం వస్తుంది. పూర్తి నంబరు చాలా టైర్లకు ఒక పక్కే ఉంటుంది. అది లోపలివైపుకు పడి ఉంటే జాకీ ఎత్తి చూడాలి.

ఇంతటి కాగితాన్ని చించమని సలహా ఇచ్చిన ఆ బంధువు ఎవరో గానీ, ఇకపై ఆయనతో ఈ విషయం మాట్లాడకండి. సర్వీసు సెంటర్ కంప్యూటర్లో ఆ కార్డు ఉండనే ఉంటుంది. బీమా సర్వేయరు మొట్టమొదట అడిగేదే సర్వీసు చరిత్ర. మీరు చించింది మీ ప్రతిని మాత్రమే. వినియోగదారుల కమిషన్ ముందు ప్రమాణ పత్రంలో ‘ప్రమాదం రోజునే తెలిసింది’ అని రాసి, అవతలివారు అసలు కార్డు తెచ్చి పెడితే కేసు పోవడం అటుంచి, సాక్ష్యం నాశనం చేసినందుకు, తప్పుడు ప్రమాణం చేసినందుకు భారతీయ న్యాయ సంహిత కింద మీరే ముద్దాయి అవుతారు. పైగా ఈ అబద్ధం మీకు అవసరమే లేదు.

కాలపరిమితి లెక్క చూడండి. లెక్కల మాస్టారు గనుక త్వరగానే తెలుస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం దావా కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. ఆ కారణం ఎప్పుడు పుట్టింది? ప్రమాదం రోజున అని మీ బంధువు అంటారు. జాబ్ కార్డు రోజున అని ఒకరు అనవచ్చు. దుకాణదారుడు మాత్రం కొన్న రోజునే అంటాడు. ఈ మూడింటిలో మీకు అత్యంత ప్రతికూలమైన తేదీ పట్టుకున్నా గడువు 2025 మే 18 వరకు ఉంది. అది ఆదివారం. కాబట్టి 16వ తేదీ శుక్రవారమే ఆఖరు అనుకోండి. ఇది 2025 ఏప్రిల్ మొదటి వారం. ఆరు వారాలు చేతిలో పెట్టుకుని, ఏ తేదీ నుంచి లెక్కించాలన్న వాదనలోకి అసలు దిగడమెందుకు? ఆలస్యాన్ని తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ ‘ఉగాది తర్వాత కంపెనీ మనిషి వస్తాడన్నారు’ అనేది తగిన కారణం కాదు. ఉగాది వెళ్లిపోయింది, ఆ మనిషి రాలేదు. దుకాణం చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా, ఎన్ని నోటీసులు పంపినా గడియారం ఆగదు. నోటీసు పంపండి, పదిహేను రోజులు ఇవ్వండి, జవాబు వచ్చినా రాకపోయినా ఫిర్యాదు వేసేయండి.

ఇక ఫిర్యాదులో ఏం అడగాలి? మీ ఉత్తరంలో రెండు ఆరోపణలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పాత టైరు కొత్తదని అమ్మారన్నది ఒకటి, పాతదవడం వల్లే అది పేలిందన్నది ఇంకొకటి. వీటిని విడదీసి రాయించండి. మొదటిది రుజువు చేయడం తేలిక, రెండోది కష్టం. ముడి వేసి పెడితే రెండోది మునిగినప్పుడు మొదటిదాన్నీ లాక్కుపోతుంది.

మొదటిదానికి చట్టంలో సూటిగా మాట ఉంది. అనుచిత వ్యాపార పద్ధతిని నిర్వచించే 2(47) సెక్షన్‌లో, వాడిన సరుకునే కాదు, పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడాన్నీ చేర్చారు. మీ బిల్లులో 4011 అన్న సంఖ్య కనిపిస్తోంది. జీఎస్టీ పట్టికలో అది కొత్త టైర్లది. వాడినవి, రీట్రెడ్ చేసినవి (అరిగినవాటికి కొత్త పైపొర వేసినవి) 4012 కిందకు వస్తాయి. అంటే ఆయన కొత్తవని రాతపూర్వకంగా చెప్పి అమ్మినట్టే. 3117 అంటే 2017లో 31వ వారం, ఆగస్టు మొదలు. మీకు అమ్మేనాటికి ఆ టైరుకు అయిదేళ్ల తొమ్మిది నెలలు. ఎవరూ వాడలేదు కాబట్టి కొత్తదేనని వాదిస్తారు. వాడకపోవడం వేరు, పాతబడకపోవడం వేరు. రబ్బరు గోడౌనులో ఉన్నా గాలికి, వేడికి గట్టిపడుతూనే ఉంటుంది. ఆ వయసు మీకు చెప్పి ఉంటే ఆ ధరకు కొనేవారా అన్నదే కమిషన్ చూస్తుంది.

రెండోదానిలో చిక్కులున్నాయి. మన దేశంలో టైరు ఇన్నేళ్లకు మార్చి తీరాలనే చట్టం లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వది కార్ల టైర్లకు బటన్ల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలంటుంది, వయసు మాట ఎత్తదు. బ్రిటన్‌లో 2021 ఫిబ్రవరి నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు నిషేధం. మనకు అదీ లేదు. పేరున్న తయారీదారులు పలువురు చెప్పేదేమిటంటే అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించాలి, ఎంత బాగా కనిపించినా పదేళ్లకు తీసేయాలి. మీ టైరు పేలేనాటికి ఏడున్నరేళ్లది. పదేళ్లు నిండలేదు కదా అంటారు. గాలి తక్కువై పేలింది, రాయి తగిలి పేలింది అంటారు. ‘బటన్లు నిండుగా ఉన్నాయి’ అన్న మాట మాత్రం నిలబడదు. తక్కువ తిరిగే కారుకు టైరు అరగదు, ఎండిపోతుంది. అది బటన్లలో కాదు, పక్కల పగుళ్లలో కనిపిస్తుంది. అసలు ప్రశ్న ఈ టైరు ఎందుకు పేలిందన్నది. దానికి జవాబు ప్రయోగశాల చెప్పాలి. వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద కమిషనే టైరును సీలు వేసి పరీక్షకు పంపుతుంది, ఖర్చు మీరు కట్టాలి.

అందుకే ఆ ఉచిత టైర్ల బేరం. పేలిన టైరు తెచ్చిస్తే రెండు కొత్తవి! మాస్టారూ, ఆయన మీకు టైర్లు ఇవ్వడం లేదు, సాక్ష్యం కొనుక్కుంటున్నాడు, అదీ చవకగా. మెకానిక్ షెడ్డులో పడి ఉన్న ఆ టైరును ఈరోజే రిమ్ముతో సహా ఇంటికి తెచ్చుకోండి. ఎవరి దగ్గర నుంచి, ఏ రోజు తెచ్చారో రాసి మెకానిక్ సంతకం తీసుకోండి. రెండు పక్కలా ఫొటోలు తీయండి, కడగకండి.

పరీక్షలో వయసే కారణమని తేలినా, మీ జాబ్ కార్డు ఇక్కడ మీకు అడ్డం తిరుగుతుంది. మార్చుకోమని రాసిచ్చాక ఎనిమిది నెలలు అవే టైర్లతో హైవే ఎక్కారు. అమ్మకం కోసం అంటున్నారనుకుంటే పక్క షెడ్డులో ఇంకొకరికి చూపించవచ్చు, అర్ధగంట పని. పెళ్లి ముహూర్తాన్ని ముగ్గురు పురోహితులతో సరిచూపించానని మీరే రాశారు. కాబట్టి కారు మరమ్మతు ఖర్చులో దుకాణదారుడి వంతు తగ్గుతుంది, మొత్తానికే పోనూవచ్చు. అది మనసులో పెట్టుకునే అడగండి. టైర్ల ధర, దానిపై పరిహారం, ఖర్చులు మొదటి పద్దులో. ప్రమాద నష్టం వేరే పద్దులో.

మీ భార్య చెయ్యి సంగతి వేరు, దాని దారీ వేరు. మీది ప్యాకేజీ (సమగ్ర బీమా) పాలసీ అయితే కారులో కూర్చున్నవారికీ రక్షణ ఉంటుంది. కేవలం థర్డ్ పార్టీ పాలసీ అయితే ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు ఆమె వేసే దరఖాస్తులో మొదటి ప్రతివాది మీరు, రెండోది బీమా సంస్థ. నవ్వకండి, చట్టం అంతే. టైరు పేలడం దైవాధీనమని బీమా సంస్థ తప్పించుకోజూస్తే, అది దైవఘటన కాదు, మనిషి నిర్లక్ష్యమేనని 2023లో బొంబాయి హైకోర్టు చెప్పింది. మీకు గుదిబండ అయిన జాబ్ కార్డు ఆమెకు ఆధారం. ఇక్కడ గడువు ఇంకా తక్కువ, ప్రమాదం నుంచి ఆరు నెలలు. ఆగస్టు 8లోపు వేయాలి. ఆమెకు వేరే న్యాయవాదిని పెట్టండి, ఎందుకంటే ఆ కేసులో మీ ప్రయోజనం, ఆమె ప్రయోజనం ఒకటి కావు. రెండు చోట్లా చెప్పే వాస్తవాలు మాత్రం అక్షరం తేడా లేకుండా ఉండాలి. మీ వినియోగదారుల ఫిర్యాదును బీమావాళ్లు తెప్పించుకుని చదువుతారు.

పోలీసులకు చెప్పలేదని రాశారు. ‘ఎవరికీ ఏమీ కాలేదు కదా’ అని అనుకున్నారట. చెయ్యి విరగడం ఏమీ కాకపోవడమా? కావలి పరిధి స్టేషన్‌లో ఇప్పుడైనా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యానికి నిజమైన కారణమే రాయండి. హైవే సహాయ నంబరు 1033కు ఫోను చేసి ఉంటే మీ ఫోనులోని కాల్ వివరాలు, ఆసుపత్రిలో చేరిన రోజు కేసు షీటు, ఎక్స్‌రే దాచండి. కేసు షీటులో ‘రోడ్డు ప్రమాదం’ అని ఉందో, ‘జారిపడ్డారు’ అని ఉందో చూసుకోండి. రెండోదైతే వెంటనే మీ న్యాయవాదికి చెప్పండి.

ఫిర్యాదు ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, మీరు ఉండే ఊరు కాబట్టి. మీరు చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపే గనుక ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఇ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారానూ వేయవచ్చు. దుకాణాన్ని, టైరు తయారీ సంస్థను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. టైరు ఎప్పుడు దుకాణానికి చేరిందో తయారీ సంస్థ లెక్కల్లో ఉంటుంది. అది బయటికి వస్తే ఎన్నేళ్లు ఎవరి గోడౌనులో పడి ఉందో తేలుతుంది. దుకాణదారుడు మధ్యలో రాజీకి వస్తే కమిషన్ మధ్యవర్తిత్వంలోనే, కాగితం మీదే మాట్లాడండి. టీ దుకాణంలో కాదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం చివర్లో ఉంది. ‘మిగతా మూడు టైర్లు బాగానే ఉన్నాయి, స్టెప్నీ వేసుకుని నడుపుతున్నాం.’ ఆ మూడూ పేలినదాని తోబుట్టువులే. స్టెప్నీ కారుతో వచ్చిందైతే దానికి తొమ్మిదేళ్లు, డిక్కీలో చీకట్లో ముసలిదైంది. చేతికి కట్టుతో ఉన్న మనిషిని ఆ నాలుగింటి మీద ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నారు! ముందు నంబర్ల ఫొటోలు తీసి, ఆ తర్వాత ఈ వారమే నాలుగూ మార్చండి, స్టెప్నీతో కలిపి అయిదు. చివరి నాలుగంకెలు చూసి కొనండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఒక్కో టైరు నంబరు బిల్లులో రాయించండి. రాయనంటే మరో దుకాణానికి వెళ్లండి. పాతవాటికి ఎక్స్ఛేంజ్ కింద రెండు మూడు వందలు తగ్గిస్తామంటారు, ఇవ్వకండి. అవి కమిషన్ ముందుకు వెళ్లవలసిన టైర్లు.