బేస్‌మెంట్‌లో బార్: ముందు నీళ్ల సంగతి చూసుకోండి

మీరు అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్నామని, ఖాళీగా ఉన్న బేస్‌మెంట్‌లో చిన్న పబ్ లాంటిది కట్టుకోవాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. మేము ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటాం. మా బార్ కట్టుకుని కొన్నేళ్లయింది కాబట్టి నాకు ఎదురైనవి చెబుతాను.

కౌంటర్‌కి ఏ రాయి, ఏ లైట్లు అన్న ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు నేల తడి చూడండి. రెండడుగుల ప్లాస్టిక్ షీట్‌ని కాంక్రీట్ మీద పరిచి, నాలుగు అంచులకూ టేప్ గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. ఎత్తి చూసినప్పుడు కింద చెమ్మ కనిపిస్తే దాని సంగతి తేలేదాకా చెక్క పని మొదలుపెట్టకండి.

బేస్‌మెంట్ నేల కింద గుంటలో చేరే నీళ్లని బయటికి తోడే సంప్ పంప్‌కి మేము బ్యాటరీ బ్యాకప్ పెట్టించలేదు. బార్ పూర్తయిన మరుసటి ఏడాది జూన్‌లో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది, పంపు ఆగిపోయింది. పొద్దున్నే దిగి ఆఖరి మెట్టు దాటి కార్పెట్ మీద కాలు పెట్టగానే చల్లటి నీళ్లు వేళ్ల మధ్య నుంచి పైకి వచ్చాయి. బార్ అడుగు పలక నానిన అటుకుల్లా ఉబ్బిపోయింది. ఆ వాసన పోవడానికి నెల పట్టింది. ఇప్పుడు బ్యాకప్ ఉంది, కార్పెట్ తీసేసి వినైల్ పలకలు వేయించాం. ఆ రోజు మా ఆవిడ కళ్లలో నీళ్లు చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండోది సింక్. మీ ఇంటి మురుగు పైపు గోడలోంచి నేలకంటే ఎత్తులో బయటికి వెళుతుంటే కిందున్న సింక్ నీళ్లు వాటంతటవే పోవు, పైకి తోసే పంపు కావాలి. మాకు పని చేసిన కాంట్రాక్టర్ ఈ మాట కొటేషన్ ఇచ్చేటప్పుడు చెప్పలేదు. సగం పనయ్యాక ఆ పంపు కోసం నేల పగలగొట్టాల్సి వచ్చింది. మీరు మొదటి రోజే అడగండి. పర్మిట్ తీసుకోండి, గోడలకు డ్రైవాల్ పలకలు కొట్టకముందే వైరింగ్, ప్లంబింగ్ ఇన్‌స్పెక్షన్ చేయించండి. సింక్ దగ్గరి ప్లగ్గులన్నీ జీఎఫ్‌సీఐవే ఉండాలి, అంటే కరెంటు లీకైతే వెంటనే దానంతటదే ఆపేసేవి.

రేడాన్ పరీక్ష కూడా గోడలు మూయకముందే చేయించండి. అది మట్టిలోంచి వచ్చే వాయువు, కంటికి కనిపించదు, వాసన ఉండదు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణమవుతుంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే లెక్క), అంతకు మించి వస్తే తగ్గించుకోమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. మా ప్రాంతంలో ఇది ఎక్కువే. నేల కింద నుంచి పైకి వెళ్లే పైపు, ఫ్యాన్ పెట్టిస్తే తగ్గుతుంది. గోడలు తెరిచి ఉన్నప్పుడే అయితే ఆ పైపుని కనిపించకుండా దాచేయొచ్చు.

కుళాయి తిప్పి పట్టుకునే డ్రాఫ్ట్ బీర్ కోసం కెగ్ (బీరు పీపా) పట్టే ఫ్రిజ్ పెట్టాలనుకుంటే నా సలహా చిన్న కెగ్గే. పెద్దదాంట్లో పదిహేనున్నర గ్యాలన్లు, అంటే దాదాపు 165 గ్లాసులు. నెలకోసారి నలుగురు స్నేహితులు వచ్చే ఇంట్లో అది అయ్యేలోపు రుచి పోతుంది. అందులో మూడో వంతు పట్టే చిన్న కెగ్గులో 55 గ్లాసుల దాకా వస్తాయి, మాకు అది చాలు. కెగ్గులోంచి బీరును బయటికి తోసే సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, లీకైతే నేల దగ్గరే పేరుకుంటుంది. బేస్‌మెంట్‌లో పిల్లలు ఆడుకుంటారు కాబట్టి అలారం ఒకటి పెట్టండి, సీసాల అలమరకి తాళం పెట్టండి.

కొలతలకొస్తే, బార్ ఎత్తు 42 అంగుళాలు, స్టూల్ 30, మోకాళ్లు పట్టడానికి కౌంటర్ ఓ పది అంగుళాలు ముందుకు రావాలి. మేము ముందు మొత్తం అలాగే కట్టాం. గుంటూరు నుంచి నాన్న వచ్చినప్పుడు స్టూల్ ఎక్కి, "కాళ్లు ఆనడం లేదురా" అని దిగిపోయి, ఆ సాయంత్రమంతా మెట్ల మీదే కూర్చున్నారు. ఆయన మందు ముట్టరు, మా అందరి మధ్యలో కూర్చుని టీ తాగాలని వచ్చారు. తర్వాత కౌంటర్ ఒక చివర నాలుగడుగులు కోయించి మామూలు టేబుల్ ఎత్తుకు, 30 అంగుళాలకు దింపించాం. ఇప్పుడు ఆయన వస్తే చేతుల కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుని క్రికెట్ చూస్తారు. మీ ఇంటికి పెద్దవాళ్లు వస్తుంటే ఆ నాలుగడుగులు డ్రాయింగ్‌లోనే గీయించుకోండి.