అన్నీ ఫ్రీ అన్న బాక్సు మీ ఇంట్లో ఏం చేస్తోంది?

ప్రశ్న: ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లో ఒక ఆండ్రాయిడ్ టీవీ బాక్సు కొన్నాను. అన్ని ఓటీటీలూ, కొత్త సినిమాలూ జీవితాంతం ఫ్రీ అన్నారు. పైరసీ కదా అంటే ‘కేసులు అమ్మేవాళ్ల మీదే సార్, చూసేవాళ్లకేం కాదు’ అన్నాడు షాపతను. నిజమేనా? రాత్రిళ్లు ఇంట్లో నెట్ బాగా స్లో అవుతోంది, దీనివల్లేనా? (కె.ఆర్.పురం, బెంగళూరు)

ఇదే ప్రశ్న మారతహళ్లి నుంచి వస్తోంది, చెన్నై నుంచీ వస్తోంది. షాపతను చెప్పింది సగమే నిజం.

మన వైపు పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) అంటామే, కర్ణాటకలో అలాంటిది 1985 నాటి చట్టం. ఇక్కడ అందరూ గూండా యాక్ట్ అంటారు. దొంగసారా వాళ్లు, జూదగాళ్లు, గూండాల సరసన వీడియో, ఆడియో పైరేట్లనూ ఆ చట్టం పేరులోనే చేర్చారు. 2014లో డిజిటల్ నేరగాళ్లను కలిపారు. తమిళనాడు 1982 చట్టంలోకి వీడియో పైరేట్లు 2004లో వచ్చారు. ఈ చట్టాల కింద విచారణ లేకుండానే ఏడాది దాకా లోపల ఉంచొచ్చు. ఇది నాకు నచ్చదు. సినిమా కాపీ చేసినవాడికి శిక్ష పడాల్సిందే, కానీ కోర్టులో రుజువయ్యాకే పడాలి. దానికి 1957 నాటి కాపీరైట్ చట్టం ఉండనే ఉంది: 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. తెలిసి సహకరించినవాళ్లకూ అదే సెక్షన్.

మీ ఇంటి హాల్లో కూర్చుని సినిమా చూసినందుకు మీ మీద గూండా యాక్ట్ పెట్టరు. అదే బాక్సు లాగిన్ పక్క ఫ్లాట్ వాళ్లకు నెలకింత అని ఇచ్చారనుకోండి, మీరూ అమ్మేవాళ్లే.

నన్ను ఎక్కువ భయపెడుతున్నది మాత్రం కేసు కాదు, బాక్సు. ఇలాంటి చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లో కొన్నింటికి ఫ్యాక్టరీలోనో, దారిలోనో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కించేసి అమ్ముతున్నారని 2023 నుంచి భద్రతా పరిశోధకులు బయటపెడుతూనే ఉన్నారు. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే మాల్‌వేర్ 10 లక్షలకు పైగా పరికరాల్లో దొరికింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దాని గురించి బహిరంగంగా హెచ్చరించింది. అది మీ సినిమాకు అడ్డురాదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వెనకాల మీ ఇంటి కనెక్షన్‌ను వేరేవాళ్లకు అద్దెకిస్తుంది. ఎక్కడో కూర్చున్న మోసగాడు ఎవరిదో బ్యాంకు ఖాతాలోకి చొరబడతాడు, పోలీసులకు కనిపించేది మీ ఐపీ అడ్రస్, అంటే మీ నెట్ కనెక్షన్ నంబరు. ఆ టైమ్‌లో నెట్ ఎవరు వాడారని అడిగితే కనెక్షన్ మీ పేరునే కదా ఉంది? మీ నెట్ స్లో కావడానికి వేరే కారణాలూ ఉండొచ్చు. ముందు ఈ అనుమానం తీర్చుకోండి: ఒక రాత్రి బాక్సు ప్లగ్గు పీకేసి స్పీడ్ చూడండి.

సెటప్ చేసేటప్పుడు షాపతను ప్లే ప్రొటెక్ట్ (యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ రక్షణ) ఆఫ్ చేయమన్నాడా? అయితే ఇంకేమీ ఆలోచించకండి, ఆ బాక్సు మళ్లీ పెట్టొద్దు. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే సరిపోతుందని చాలామంది రాస్తున్నారు. సరిపోదు. మాల్‌వేర్ ఫర్మ్‌వేర్‌లోనే, అంటే బాక్సు మూల సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటే రీసెట్ తర్వాత కూడా అక్కడే ఉంటుంది. వైఫై పాస్‌వర్డ్ మార్చండి. బాక్సులో టైప్ చేసిన ప్రతి ఖాతా పాస్‌వర్డ్‌నూ ఫోన్ నుంచి మార్చండి. గూగుల్ ఖాతా డివైజ్‌ల జాబితాలోంచి ఆ బాక్సును సైన్ అవుట్ చేయండి.

అసలు ఇంతమంది ఈ బాక్సుల వెంట ఎందుకు పడుతున్నారంటే, టీవీలు తయారుచేసేవాళ్ల నిర్లక్ష్యం కూడా ఒక కారణం. స్క్రీన్ పదేళ్లు నిక్షేపంగా పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు మాత్రం నాలుగైదేళ్లకే ఆపేస్తారు. ఒకరోజు పొద్దున్నే ‘ఈ యాప్ ఇకపై మీ టీవీలో పనిచేయదు’ అని మెసేజ్ వస్తుంది. డబ్బు కట్టి చూస్తున్నవాణ్ని కూడా ఎస్పీ రోడ్డుకు పంపేది అదే. అప్‌డేట్‌లు ఎన్నేళ్లిస్తారో టీవీ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేయాలని ప్రభుత్వం రూలు పెట్టాలి. ఈలోగా పాత టీవీకి తగిలించుకునే, సర్టిఫికేషన్ ఉన్న స్ట్రీమింగ్ స్టిక్ ఏదైనా కొనుక్కోండి. ఖర్చు కాస్త ఎక్కువే, అయినా టెన్షన్ ఉండదు.

ప్రశ్న: మొబైల్ షాపు నడుపుతున్నాను. సొంత డబ్బుతో కొన్న సీడీల నుంచి ఘంటసాల పాటలు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి అమ్ముతున్నాను. పాత పాటలే కదా, పర్లేదా? (చూళైమేడు, చెన్నై)

తప్పే. సీడీ కొంటే వినడానికి హక్కొస్తుంది, కాపీలు తీసి అమ్మడానికి రాదు. వీడియో పైరేట్ అన్నారు కాబట్టి పాటలకు వర్తించదనుకోకండి. తమిళనాడు చట్టం సినిమా సౌండ్‌ట్రాక్ ఉన్న రికార్డులనూ అందులోనే కలిపింది.

ఇక పాతవి అన్న సంగతి. సౌండ్ రికార్డింగ్‌కు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1950ల నాటి రికార్డులకు ఆ గడువు తీరిపోయింది. కానీ బాణీకీ, సాహిత్యానికీ లెక్క వేరు: వాటిని కట్టినవాళ్లు, రాసినవాళ్లు పోయాక మరో 60 ఏళ్లు. ఘంటసాల 1974లో పోయారు. ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి దాకా రక్షణ ఉంది. పాట రాసిన కవి ఇంకా తర్వాత పోయి ఉంటే సాహిత్యానికి ఇంకా ఎక్కువ. ప్రస్తుతం షాపులో ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ ఫార్మాట్ చేసి, ఖాళీవిగానే అమ్మండి.