విజన్ బోర్డు చేసుకోబోతున్న హారికకు

చిరంజీవి హారికకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

మన లక్ష్యాల బొమ్మలు, చీటీలు పెట్టుకుని రోజూ చూసుకునే విజన్ బోర్డు చేసుకుంటానన్నావు, చాలా సంతోషం. కానీ కత్తెర, బొమ్మలు అప్పుడే తీయకు. ముందు రెండు తెల్లకాగితాలు పట్టుకుని ఓ అరగంట ఒక్కదానివే కూర్చో. వచ్చే ఏడాదిలోగా కావాలనిపించేవన్నీ చిన్నా పెద్దా చూడకుండా రాసెయ్. ఇరవై దాకా తేలతాయి. తర్వాత ఒక్కోదాని దగ్గర ఆగి, "ఇది నాకు దక్కినట్టు ఎవరికీ తెలియకపోయినా నాకు కావాలా?" అని అడుగు. చుట్టాల మాటల్లోంచి మన కాగితం మీదికొచ్చిన కోరికలు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి. మిగిలినవాటిలో మూడు ఉంచుకో. నాలుగోదానికి చోటివ్వచ్చు గానీ, ఐదు దాటితే బోర్డు గోడకు అలంకారమే అవుతుంది.

ఆ మూడింటికీ అంకె, గడువు పెట్టాలి. "డబ్బు దాచుకోవాలి" అని రాస్తే ఏ నెలలో తప్పామో తెలియదు. "అత్యవసరానికి 1,20,000 రూపాయలు, ఆర్‌డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) నెలకు 10,000" అని రాసి, కింద 12 గళ్లు గీసుకో. నెలనెలా కట్టగానే ఒక గడి నింపు.

ఇక నువ్వు కోరుకుంటున్న జర్మనీ నర్సు ఉద్యోగం. అందరూ తప్పు చేసేది ఇలాంటి కోరిక దగ్గరే. బెర్లిన్‌లోని బ్రాండెన్‌బర్గ్ గేటు ఫొటో పెద్దది తెచ్చి అతికిస్తారు. దాన్ని చూసినప్పుడల్లా మనసుకు అక్కడికి వెళ్లొచ్చినంత హాయి కలుగుతుంది, పుస్తకం తీయాలన్న తొందర తగ్గుతుంది. లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే మనస్తత్వ పరిశోధకులు కాలిఫోర్నియాలో కాలేజీ విద్యార్థులతో చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. మంచి మార్కులు వచ్చేసినట్టు ఊహించుకున్నవాళ్ల కంటే, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లకే పరీక్షలో మార్కులు బాగా వచ్చాయి. అందుకని గేటు ఫొటో పెట్టుకో, కానీ అరచేయంత చాలు. బోర్డులో పెద్ద చోటు పనికివ్వు.

పని అంటే ఏమిటో కూడా విడగొట్టాలి. అక్కడ నర్సుగా గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి (ధారాళంగా మాట్లాడగల మధ్యస్థాయి) అడుగుతారు. జర్మన్ భాష పరీక్షలు నిర్వహించే గోథె సంస్థ బీ2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. ఒక్కో భాగానికి 100 మార్కులు, గట్టెక్కాలంటే 60 రావాలి, విడివిడిగానూ రాయవచ్చు. కాబట్టి బోర్డు మీద "బీ2" అని ఒక చీటీ కాదు, నాలుగు చీటీలు ఉండాలి. ప్రతి దాని మీద ఇప్పటి మాక్ టెస్టు మార్కు పెన్సిల్‌తో రాయి. నలభై రెండు దగ్గర ఉన్నదేదో, అరవై ఐదు దగ్గర ఉన్నదేదో కంటికి కనిపిస్తే ఈ వారం దేనిమీద కూర్చోవాలో వేరే ఆలోచించక్కర్లేదు. పక్కనే నీ బల్ల, ఇయర్‌ఫోన్లు, నోట్సు ఫోన్‌తో ఫొటో తీసి 4×6 ప్రింటు పెట్టు. నెట్‌లో దొరికే అందమైన లైబ్రరీ కంటే ఇది మేలు. ఎక్కడ కూర్చోవాలో చూపిస్తుంది.

ప్రతి లక్ష్యం కింద అడ్డంకి చీటీ ఒకటి తప్పనిసరి. కోరికను దాని అడ్డంకితో కలిపి ఆలోచించడం మీద గాబ్రియేలె ఎట్టింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పనిచేశారు. చాలామంది ఈ చీటీ ఇష్టపడరు, అందమైన బోర్డులో చేదు మాట ఎందుకని. నా దృష్టిలో బోర్డు మొత్తానికి ఇదే విలువైన ముక్క. "బద్ధకం" అని మాత్రం రాయకు, దాన్ని ఏం చేయగలం? "నైట్ డ్యూటీ దిగాక చదువు ఎక్కడం లేదు" అని రాయి. దాని కిందే, "నైట్ డ్యూటీ దిగిన రోజైతే, నిద్ర లేచి టీ తాగగానే అదే బల్ల దగ్గర 20 నిమిషాలు వినడం" అని రాయి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, మూడూ ఉండాలి.

సామాను సంగతి. థర్మోకోల్ వద్దు, గుండుసూది రెండుసార్లు గుచ్చితే వదులైపోతుంది, అంచులు రాలతాయి. రెండడుగులు × మూడడుగుల కార్క్ బోర్డు కొను. ఖర్చనుకుంటే గట్టి అట్టపెట్టె రెండు పొరలుగా కలిపి పైన చార్టు వేసుకో. ఏదీ శాశ్వతంగా అతికించకు, సూదులే వాడు, ఎందుకంటే చీటీలు మారాలి. అతికించక తప్పకపోతే గ్లూ స్టిక్. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కనుక పలచటి కాగితం ముడతలు పడుతుంది. బోర్డులో మూడో వంతు ఖాళీగా వదులు.

అద్దెగోడకు రెండు వైపులా అంటుకునే టేపు వేస్తే తీసేటప్పుడు రంగు ఊడొస్తుంది, ఓనరుతో గొడవ. ఎండ నేరుగా పడే చోట ఇంక్‌జెట్ ప్రింట్లు త్వరగా వెలిసిపోతాయి. హాల్లో అసలే పెట్టకు; వచ్చినవాళ్లందరికీ జవాబు చెప్పుకోవడంతోనే ఉత్సాహం అయిపోతుంది. నీ గదిలో బీరువా తలుపు లోపలి వైపు సరిగ్గా సరిపోతుంది, బట్టలు తీసుకునేటప్పుడు రోజూ కనబడుతుంది.

వారానికోసారి పది నిమిషాలు దాని ముందు నిలబడు. మార్కు చెరిపి కొత్తది రాయి, అయిపోయిన చీటీ తీసి తర్వాతి పని గుచ్చు. మూడు వారాలైనా ఒక చీటీ కదలలేదంటే అది మరీ పెద్ద పని. "వ్యాకరణం పూర్తి" తీసేసి "ఒక పాఠం, దాని అభ్యాసాలు" అని పెట్టు. మూడు నెలలు ముట్టుకోని లక్ష్యాన్ని తీసి కవర్లో పెట్టెయ్, బాధపడకు. ఆ చోటు వెంటనే నింపకు, మిగిలిన రెంటికీ నీ సమయం కావాలి.

నాలుగు మాక్ టెస్టులూ రాసి మార్కులు వేసుకున్నాక ఫోన్ చెయ్యి. తక్కువొచ్చిన భాగానికి ఏ చీటీ పెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ