బంగారు నాణేల రోజులు మళ్లీ వస్తాయంటున్న అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: తిరుపతిలో చిన్న బట్టల దుకాణం నడుపుతున్నాను. మా అబ్బాయి ఇంటర్‌ ఎం.ఈ.సి. పూర్తిచేశాడు. కాగితపు డబ్బు ఇక ఎంతోకాలం నిలవదని, బంగారు, వెండి నాణేలే మళ్లీ చలామణీలోకి వస్తాయని చెప్పే వీడియోలు చూసి, డిగ్రీ మానేసి ఆన్‌లైన్‌లో ఆరు నెలల బులియన్‌ (బంగారం, వెండి) ట్రేడింగ్‌ కోర్సు చేస్తానంటున్నాడు. పిచ్చి మాటలని కసిరాను. అప్పటినుంచి ముభావంగా ఉంటున్నాడు. మేమూ ఏటా అక్షయ తృతీయకు ఒక నాణెం కొంటాం, కానీ అది వేరు కదా! వాడి మాటల్లో నిజమెంత? బి.ఏ. ఎకనామిక్స్‌, బి.కాం., ఆ కోర్సు, ఈ మూడింటిలో ఏది మేలు? వాడి చదువు కోసం దాచిన డిపాజిట్‌ను కూడా వెండిలోకి మార్చమంటున్నాడు.

జవాబు: అయ్యా, మీరు అడిగినవాటి అడుగున మీరు రాయని ప్రశ్న ఒకటి ఉంది. పిల్లవాడు చేయి దాటిపోతున్నాడేమోనన్నదే మీ అసలు బెంగ. ఈ బెంగతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామందే ఉంటారు. ఒకరింట్లో క్రిప్టో, ఇంకొకరింట్లో షేర్లు, మీ ఇంట్లో వెండి. డబ్బుకు విలువ ఎక్కడినుంచి వస్తుందని ఈ వయసులో ఆలోచించే పిల్లవాడు చెడిపోలేదు, దారిలోనే ఉన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకకుండా కసరడమే పొరపాటు, అది మీరు చేశారు. అక్షయ తృతీయ నాణెం ‘వేరు’ ఎలా అవుతుంది? బంగారాన్ని నమ్మడం వాడు వీడియోల కంటే ముందు మీ బీరువా చూసే నేర్చుకున్నాడు.

ఇక వాడి వాదన. గ్రాము బంగారం పది వేల రూపాయలు దాటిన ఈ రోజుల్లో పదిహేను రూపాయల టీకి చెల్లించవలసిన బంగారం ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించదు. పరిమాణంలో అది ఆవగింజలో పావువంతు కూడా ఉండదు కాబట్టి, దాన్ని నాణెంగా ముద్రించడం కాదు కదా, వేళ్లతో పట్టుకోవడమే కష్టం. వెండి కాస్త నయమనిపిస్తుంది గానీ, తాతల కాలపు 11.66 గ్రాముల రూపాయి బిళ్లలో దాదాపు 10.7 గ్రాముల వెండి ఉండేది, ఇవాళ అది వెయ్యి రూపాయల పైమాటే. అంటే చిల్లరకు మళ్లీ ఏదో చౌక లోహం కావలసిందే.

అలాంటి ఏర్పాటు మన సీమలో నడిచింది కూడా. ఇప్పటి చిత్తూరు ప్రాంతం ఉత్తర ఆర్కాటులో భాగంగా ఉన్న తొలి రోజుల్లో, ఈస్టిండియా కంపెనీ లెక్కల ప్రకారం బంగారు వరహాకు 42 వెండి పణాలు, పణానికి 80 రాగి కాసులు. ఏ నాణెం ఏ బజారులో ఎంతకు చెల్లుతుందో షరాబు (నాణేలు మార్చే వ్యాపారి) చెప్పాలి, వట్టం (మార్పిడి రుసుము) పుచ్చుకుని మార్చి ఇవ్వాలి. బంగారం, వెండి, రాగి ధరలు దేని దారిన అవి కదులుతుంటే, అమ్మకం ఒక లోహంలోనూ శిస్తు ఇంకో లోహంలోనూ లెక్కించవలసి వచ్చిన రైతు పరిస్థితి ఏమిటో మీ అబ్బాయినే ఊహించమనండి. చివరికి 1818లో మద్రాసు రాజధానిలో వెండి రూపాయినే ప్రమాణంగా చేశారు. కృష్ణదేవరాయలు 1514లో శ్రీవారికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించలేదా అని వాడు అడగవచ్చు. చేయించాడు. కానుకలకూ పెద్ద చెల్లింపులకూ బంగారం ఎప్పుడూ పనికివచ్చింది, ఇబ్బంది వచ్చేదల్లా కూరగాయల బేరం దగ్గరే.

ఆ వెండి రూపాయి కథ ఎలా ముగిసిందో కూడా వాడు తెలుసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండి ధర పెరిగి, రూపాయి మీద ముద్రించిన విలువకన్నా అందులోని లోహం ఖరీదు ఎక్కువయ్యేసరికి, జనం నాణేలను దాచుకోవడం, కరిగించడం మొదలుపెట్టారు. బజారులో రూపాయి కరవై, 1917 నవంబరు 30న ప్రభుత్వం రూపాయి నోటు తేవలసి వచ్చింది. 1940లో రూపాయిలోని వెండిని సగానికి దించి, 1947కల్లా నికెల్‌కు మారారు. నాణెం మీద విలువ ముద్రిస్తే, లోహం ధర దాన్ని దాటిన రోజున నాణెం కొలిమికి పోతుంది. విలువ ముద్రించకపోతే మీ దుకాణంలో ప్రతి చీర మీది ధరను రోజూ ఉదయమే మార్చి రాయాలి. ఈ రెంటి మధ్య మూడో దారి చూపించే వీడియో ఏదీ నాకు ఇంతవరకు కనబడలేదు.

నమ్మకం కుదరకపోతే, మీరు దాచిన నాణేల్లో ఒకదాన్ని వాడి చేతికిచ్చి గాంధీ రోడ్డులోని ఏదైనా నగల దుకాణానికి పంపండి. కౌంటరులోని మనిషి ప్లాస్టిక్‌ కార్డును కత్తిరించి, నాణేన్ని మిల్లీగ్రాముల త్రాసులో పెట్టి, గీటురాయి మీద గీసి, ఆమ్లపు చుక్క వేసి రంగు చూసి, లోపలికి వెళ్లి ఆనాటి ధర కనుక్కుని, అప్పుడు ఒక అంకె చెబుతాడు. కొన్నప్పుడు మీరు కట్టిన మజూరీ గానీ 3 శాతం జీఎస్టీ గానీ అందులో ఉండవు. పరీక్షించకుండా చేతులు మారగలగడమే డబ్బుకు ఉండవలసిన మొదటి గుణం. తిరుమల పరకామణిలో నాణేలను విలువల వారీగా వేరుచేసి లెక్కిస్తారే తప్ప రూపాయి బిళ్లను ఎవరూ గీసి చూడరు.

వాడి భయంలో నిజం లేకపోలేదు. ధరల పెరుగుదల పొదుపును తినేస్తుంది. రిజర్వు బ్యాంకే 800 టన్నులకు పైగా బంగారం నిల్వ ఉంచుకుంది. జింబాబ్వే ప్రభుత్వం 2022లో ఔన్సు బరువున్న బంగారు నాణేలు విడుదల చేసింది కూడా. అయితే అవి ప్రజలు దాచుకోవడానికే పనికివచ్చాయి గానీ బస్సు టికెట్టుకు కాదు. 2024లో ఆ దేశం తెచ్చిన కొత్త కరెన్సీ కూడా బంగారాన్ని వెనక నిల్వగా ఉంచుకున్నదే తప్ప బంగారు నాణెంగా రాలేదు.

ఇప్పుడు ఆ కోర్సు గురించి. దీని మీద నాకున్న అనుమానం చిన్నది కాదు. వెండి వ్యాపారంలో అంత లాభం తెలిసిన మనిషి పిల్లల దగ్గర ఫీజు వసూలు చేస్తూ ఎందుకు కూర్చున్నాడన్నది మొదటి సంగతి. లోహాలు, ఇతర సరుకుల ట్రేడింగ్‌ జరిగే ఎంసీఎక్స్‌ ఎక్స్ఛేంజీలో వెండి ప్రామాణిక లాట్‌, అంటే ఒక ఒప్పందం పరిమాణం, 30 కిలోలు. కిలోకు వెయ్యి రూపాయలు అటూ ఇటూ అయితే ఒక్క లాట్‌ మీద ముప్పై వేలు వస్తాయి లేదా పోతాయి. షేర్ల ఫ్యూచర్స్‌, ఆప్షన్లలో (ముందుముందు ధరల మీద కుదుర్చుకునే ఒప్పందాల్లో) 2021-22 నుంచి మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీయే 2024లో ప్రకటించింది. లోహాల్లో పిల్లలకు ఇంతకన్నా మంచి గతి పడుతుందని నమ్మడానికి నాకు కారణం కనబడదు. పైగా కోర్సు చివర ఇచ్చే సర్టిఫికెట్‌ చూసి ఉద్యోగమిచ్చేవారెవరో ఆ ప్రకటనల్లో రాయరు. ఫీజు కట్టేముందు, కోర్సు చెప్పే వ్యక్తికి సెబీ రిజిస్ట్రేషన్‌ ఉందో లేదో మీ అబ్బాయి చేతనే వెతికించండి.

మూడింటిలో ఏది అని అడిగారు. వాడు వేస్తున్న ప్రశ్నలను బట్టి ఎకనామిక్స్‌ అంటాను, గణితాన్నీ గణాంకశాస్త్రాన్నీ వదలకూడదన్న షరతుతో. పీజీ తరువాత ఇండియన్‌ ఎకనామిక్‌ సర్వీసు, రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగం వంటి తలుపులు తెరుచుకుంటాయి. పీజీ వరకు మీ ఊళ్లోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. దుకాణం చూసుకోవాలన్న కోరిక వాడికీ ఉంటే బి.కాం. తప్పేమీ కాదు. ఏది చదివినా వాడు నిలదొక్కుకుంటాడు. నలుగురూ నమ్మేదాన్ని అనుమానించే పిల్లలకు సాధారణంగా చదువు అబ్బుతుంది కనుక ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

డిపాజిట్‌ను మాత్రం కదిలించకండి. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్ల దరిదాపులకు పోయిన వెండి మార్చి 27కల్లా 11 డాలర్ల లోపుకు పడింది. ఏటా ఒక నిర్ణీత తేదీకి కావలసిన ఫీజు డబ్బును అలాంటి ధరకు ముడిపెట్టకూడదు. వాడికి అంత నమ్మకముంటే, పండగలకు చేతికొచ్చిన తన డబ్బుతో పది గ్రాముల వెండి నాణెం ఒకటి కొనుక్కోనివ్వండి. కొన్న ధరనూ, ప్రతి నెల ఒకటో తేదీన దుకాణంవారు తిరిగి ఇస్తామన్న ధరనూ ఒక పుస్తకంలో రాయమనండి. మొదటి సెమిస్టరు పరీక్షలు అయ్యాక ఆ లెక్కను ఇద్దరూ కలిసి చూడండి, ఈసారి కసరకుండా.