ఐబీరియా సామ్రాజ్యం కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. స్పెయిన్, పోర్చుగల్ విడిపోకుండా ఒకే సామ్రాజ్యంగా నిలిచి ఉంటే ఏమయ్యేదో తెలుగులో ఎవరైనా నవలగా రాస్తే బాగుండునని నాకు ఎప్పటినుంచో ఉంది. నీ వాక్యంలో చదివించే గుణం ఉంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

నీ కథలో 1588లో ఆర్మడా, అంటే స్పెయిన్ ఇంగ్లండు మీదికి పంపిన నౌకాదళం, గెలుస్తుంది. రెండో అధ్యాయానికల్లా లండన్ మీద స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ జెండా ఎగురుతుంది. గాలివాటం మారింది కాబట్టి చరిత్ర మారిందంటున్నావు. అది రాయడం తేలికే, నమ్మించడమే కష్టం. పైగా నువ్వు వేసుకున్న ప్రశ్నకు అది జవాబు కూడా కాదు. ఆర్మడా బయల్దేరింది పోర్చుగల్ రాజధాని లిస్బన్ నుంచి. సేనాని ఎక్కిన సాన్ మార్టిన్ ఓడ అసలు పోర్చుగీసుల ఓడ. ఇంగ్లండు ఓడిపోయినా, పరాయి యుద్ధానికి మన ఓడలెందుకు తీసుకెళ్ళారన్న కోపం లిస్బన్‌లో ఉండనే ఉంటుంది. ఆ కోపం ఎలా చల్లారిందో చెప్పకుండా నీ సామ్రాజ్యం నిలబడదు.

ముందు నిజంగా జరిగింది చూడు. 1578లో పోర్చుగల్ రాజు సెబాస్టియన్ మొరాకో యుద్ధంలో చనిపోయాడు. పిల్లలు లేరు. ముసలి కార్డినల్ హెన్రీ గద్దెనెక్కి 1580లో పోయాడు. ఫిలిప్ తల్లి పోర్చుగల్ రాజకుమార్తె కాబట్టి హక్కు తనదే అన్నాడు, సైన్యాన్ని కూడా పంపాడు. 1581లో పోర్చుగల్‌లోని తొమార్‌లో సభ కూడింది. పోర్చుగల్ చట్టాలు, పదవులు, వలస రాజ్యాలు పోర్చుగీసులవే అని అక్కడ మాటిచ్చాడు. అంటే ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. రాజు ఒక్కడే అయినా మకావుకూ మనీలాకూ మధ్య నేరుగా వ్యాపారం చేయకూడదని నిషేధం పెట్టారు. ఒకటి పోర్చుగీసు రేవు, రెండోది స్పానిష్ రేవు! దొంగచాటుగా సాగిన వ్యాపారం సంగతి వేరు. నీ నవలకు కావలసిన ముడి ఈ నిషేధంలోనే ఉంది. నువ్వేమో దాన్ని దాటేసి యుద్ధానికి వెళ్ళిపోయావు.

మలుపు ఎక్కడ పెట్టాలని అడిగావు. నేనైతే ఆర్మడాకి ఎనభై ఎనిమిదేళ్ళు వెనక్కి వెళతాను.

1498 ఆగస్టులో జరగోజాలో మిగెల్ అనే పిల్లవాడు పుట్టాడు. తండ్రి పోర్చుగల్ రాజు మాన్యుయెల్. తల్లి స్పెయిన్‌ను ఏలుతున్న ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతుల పెద్ద కూతురు. ఆమె ప్రసవంలోనే పోయింది. ఆ పసివాణ్ణి పోర్చుగల్, స్పెయిన్‌లోని రెండు రాజ్యాలు కాస్టీల్, ఆరగాన్, మూడూ వారసుడిగా ఒప్పుకున్నాయి. అదే ఏడాది మే నెలలో వాస్కో డ గామా కాలికట్ తీరం చేరాడు. కొలంబస్ అప్పటికే అట్లాంటిక్ దాటి ఉన్నాడు. అంటే రెండు సముద్రాల సంపదా ఆ ఉయ్యాలలో ఉన్న బిడ్డకే రావాలి. కానీ 1500 జులైలో, రెండేళ్ళు నిండకుండానే గ్రనడాలో పోయాడు. వారసత్వం పిన్ని హువానాకు, ఆమె నుంచి కొడుకు చార్లెస్‌కు వెళ్ళింది.

ఇప్పుడు మిగెల్‌ని బతికించి చూడు. చార్లెస్ హాబ్స్‌బర్గ్ వంశం వాడు, నెదర్లాండ్స్ వారసుడు. అతను స్పెయిన్‌కు రాకపోతే నెదర్లాండ్స్ గొడవ స్పెయిన్ మెడకు చుట్టుకోదు. అమెరికా వెండి ఆ నెదర్లాండ్స్ యుద్ధంలో కరిగిపోదు. ఆ యుద్ధం కారణంగానే లిస్బన్‌లో డచ్ వ్యాపారులకు ఆంక్షలు ఎదురయ్యాయి. మిరియాల కోసం వాళ్ళే నేరుగా ఆసియాకు ఓడలు కట్టుకుని రావడానికి అదొక పెద్ద కారణం. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ పెట్టారు, కొద్ది ఏళ్ళకే మన మచిలీపట్నంలో వాళ్ళ వర్తక స్థావరం వెలిసింది. గ్రనడాలో ఒక పసివాడు బతికి ఉంటే కృష్ణా తీరంలో అద్దకం బట్టల బేరం ఎవరితో సాగేదో ఆలోచించు. ఇదీ నువ్వు పట్టుకోవాల్సిన దారం. ఒక్క చావుని తీసేసి, ఆ తర్వాత ఏది దేన్ని లాగుతుందో ఓపికగా చూడాలి. నచ్చిన ఫలితం ముందే పెట్టుకుని వెనక్కి కథ అల్లకూడదు.

ఇంకో సంగతి. మిగెల్ వారసుడైనప్పుడు పోర్చుగీసుల భయం తీర్చడానికి మాన్యుయెల్ 1499లోనే హామీలు రాసిచ్చాడు. ఎనభై ఏళ్ళ తర్వాత ఫిలిప్ తొమార్‌లో ఇచ్చిన మాటకు ఆ కాగితాలే ఆధారం. కాబట్టి మిగెల్ బతికినా రెండు పొయ్యిల తగువు తప్పదు, ఇంకా ముందే మొదలవుతుంది.

ఆ తగువుని రాజసభలో చూపించకు. లిస్బన్‌లో తూర్పు దేశాల వర్తకం చూసే కాసా ద ఇండియా కార్యాలయంలో మిరియాలు తూకం వేయించి లెక్క రాసే ఒక గుమస్తాని పెట్టు. లిస్బన్‌లో వసంతంలో బయల్దేరిన ఓడ గోవా చేరేసరికి సెప్టెంబరు. చలికాలంలో తిరుగుముఖం పడితే మరుసటి వేసవికి ఇల్లు చేరుతుంది. ఒక ఉత్తరానికి జవాబు రావాలంటే ఏడాది పైమాటే. ఇప్పుడు స్పెయిన్ వాళ్ళ వర్తక కార్యాలయం ఉన్న సెవిల్ నుంచి ఒక అధికారి వచ్చి, ఇక రెండు కార్యాలయాలు అక్కర్లేదు, లెక్కలన్నీ మాకు పంపమంటాడు. గుమస్తా ఏం చేస్తాడు? పాత పుస్తకం దాస్తాడా? అల్లుడికి సెవిల్‌లో ఉద్యోగం ఇప్పించమని అడుగుతాడా? ఆ గదిలో టెన్షన్ నీ సముద్ర యుద్ధాలన్నిటికంటే ఎక్కువ ఉంటుంది.

ఫిలిప్‌ని కూడా బొమ్మలా నిలబెట్టకు. 1581 నుంచి 1583 దాకా అతను లిస్బన్‌లో ఉన్నాడు. అక్కణ్ణుంచి కూతుళ్ళకు రాసిన ఉత్తరాలు మిగిలాయి. వాటిలో కోకిలల్లాంటి నైటింగేల్ పిట్టల పాట వినబడటం లేదని బెంగపడతాడు. అలాంటి మనిషి రాజధానిని ఆ సముద్రపు ఒడ్డునే ఉంచేసుకుని ఉంటే? అది కూడా మంచి మలుపే.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా పట్టుబడతాను. నీ అధ్యాయాల్లో సామ్రాజ్యం వెలిగిపోతోంది, దాని కింద నలిగినవాళ్ళు లేరు. 1595 నుంచి 1640 దాకా స్పానిష్ అమెరికాకు ఆఫ్రికా బానిసలను చేర్చే గుత్త పోర్చుగీసు వర్తకుల చేతుల్లో ఉంది. రెండు కిరీటాలు కలవడం వల్ల అందరికంటే లాభపడినవాళ్ళలో వాళ్ళున్నారు. సామ్రాజ్యం ఇంకా గట్టిపడితే ఆ వ్యాపారం కూడా గట్టిపడుతుంది. ఆఫ్రికాలోని లువాండా రేవులో బానిసగా ఓడ ఎక్కించిన మనిషి నీ కథలో మాట్లాడాలి. లేకపోతే నువ్వు రాసేది రాజుల కలే అవుతుంది.

నిజ చరిత్రలో ఆ కలయిక ఎలా తెగిందో చదువు. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ మంత్రి ఒలివారెస్ యుద్ధ ఖర్చు, సైనికుల భారం అన్ని రాజ్యాలూ పంచుకోవాలన్నాడు. 1637లో పోర్చుగల్‌లోని ఎవొరాలో పన్నుల మీద తిరుగుబాటు, 1640లో స్పెయిన్‌లోని కేటలోనియాలోనూ తిరుగుబాటు. ఆ డిసెంబరు 1 ఉదయం కుట్రదారులు లిస్బన్ రాజభవనంలో జొరబడి, అల్మారాలో దాక్కున్న కార్యదర్శి వాస్కొన్సెలోస్‌ని చంపి కిటికీలోంచి పారేశారు. పోర్చుగీసు ప్రభువు బ్రగాంజా డ్యూక్ పోర్చుగల్‌కు రాజయ్యాడు. స్పెయిన్ దాన్ని ఒప్పుకున్నది 1668లో. నీ సామ్రాజ్యం నిలవాలంటే ఆ అల్మారా దాకా పరిస్థితి రాకుండా ఎవరు ఏం వదులుకున్నారో నువ్వు చెప్పాలి.

ఆర్మడా అధ్యాయాలు చింపెయ్యకు, పక్కన పెట్టు. గుమస్తా అధ్యాయం ఒక్కటి ముందు రాసి పంపు. ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, వెంటనే చదువుతాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి