నింజా కత్తి కొనే ముందు

చిరంజీవి కిరణ్‌కు మావయ్య ఆశీస్సులు.

జపాన్ నుంచి నువ్వు పంపిన ఫోటో చూశాను. నల్లటి ఒర, తిన్నగా ఉన్న కత్తి, పిడి దగ్గర నలుచదరం బిళ్ల. "అసలైన నింజా కత్తి మావయ్యా, కొనెయ్యనా?" అన్నావు. వద్దు అల్లుడూ. నింజాలు, అంటే పాతకాలపు జపాన్ గూఢచారులు, అలాంటి కత్తి వాడారనడానికి ఆ కాలపు ఆధారం ఒక్కటీ లేదు. ఆ రూపం పోయిన శతాబ్దంలో వచ్చింది, సినిమాలు దాన్ని ఊరూరా తిప్పాయి.

ఒక్కసారి ఆలోచించు. సన్యాసిగానో వ్యాపారిగానో వేషం మార్చి శత్రువు కోటలో దూరేవాడు, చూడగానే గుర్తుపట్టే కత్తి నడుముకి పెట్టుకుంటాడా? జపాన్‌లో ఎదో యుగం (1603–1868) అంటారే, అప్పుడు పొడుగు కత్తి సమురాయ్ యోధుల హక్కు. వ్యాపారి దగ్గర రెండడుగుల లోపు ఉండే పొట్టి కత్తి, వకిజాషి, ఉంటే ఎవరూ అడగరు. కాబట్టి నింజాలు పట్టిందీ లోకమంతా పట్టిన కతానా (పొడుగు కత్తి), వకిజాషిలే.

వాళ్ల తెలివి నాకు ఒరకి కట్టే తాడులో కనిపిస్తుంది. దాన్ని సగెఓ అంటారు. చీకటి గదిలోకి వెళ్లేటప్పుడు కత్తి దూసి, ఒరను మొనకి తగిలించి, తాడు కొస పళ్లతో పట్టుకుని తడుముకుంటూ నడిచేవారట. ఒరకి మనిషి తగిలాడా, తాడు వదిలేసి పొడవడమే. అదే కత్తి, వాడే తీరు వేరు.

ఇక చట్టం సంగతి. జపాన్‌లో అసలు ఉక్కు కత్తికి తోరోకుషో అనే రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలి. అది లేకుండా ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోకు. కొన్నాక 20 రోజుల్లో ఆ కాగితం ఇచ్చిన ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) విద్యామండలికి తెలపాలి. ఇండియాకి తెద్దామంటే అక్కడ ఎగుమతి అనుమతి, ఇక్కడ కస్టమ్స్, ఆయుధాల చట్టం. మీ అమ్మకి ఆ టెన్షన్ పెట్టకు.

నీకు కావాల్సింది ఇయాయితో, అంటే సాధన కత్తి. జింక్, అల్యూమినియం కలిపిన లోహంతో చేస్తారు, పదును ఉండదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది కూడా ముందే కొనెయ్యకు. నాగోయాలో ఇయాయిదో (కత్తి దూసే విద్య) నేర్పే డోజోలో, అంటే సాధనశాలలో, చేరు, నీ ఎత్తుకి ఎంత పొడవు సరిపోతుందో గురువుగారే చెబుతారు. పదును లేదు కదా అని తేలిగ్గా తీసుకోకు, మొన గుచ్చుకుంటుంది. దూయడం రెండు వారాల్లో వచ్చేస్తుంది, చూడకుండా తిరిగి ఒరలో పెట్టడమే నెలలు పడుతుంది. తొందరపడ్డవాళ్లందరికీ ఎడమచేతి బొటనవేలి దగ్గరే దెబ్బ. డోజోకి తీసుకెళ్లేటప్పుడు సంచిలో కట్టేసి పెట్టు. ఉత్తుత్తి కత్తయినా కారణం లేకుండా వెంట తిప్పితే అక్కడ నేరమే.

కత్తులు చేసే చోటు చూడాలంటే గిఫు దగ్గరి సెకి ఊరు వెళ్లు. నింజాల కోసమైతే ఇగా ఊరు. అక్కడి మ్యూజియం ఇంట్లో నేల పలక ఎత్తి, కింద దాచిన కత్తి చటుక్కున తీసి చూపిస్తారు. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది, అందుకని ముందు వరసలో నిలబడు.

ఇట్లు,
మావయ్య