బండి చూసిన మనిషికి పది రూపాయలు: ఇంటి లెక్కలో అది ఏ పద్దు?

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు సంస్థలో ఖాతాలు చూస్తాను. నెలకు 38 వేల రూపాయలు చేతికి వస్తాయి. గత ఏడాది ఏడేళ్లు వాడిన కారు ఒకటి కొన్నాను. జీటీ రోడ్డులో బట్టల దుకాణానికి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా, ఆదివారం అరసవల్లి దర్శనానికి వెళ్లినా, బండి తీసే వేళకు మెడలో ఈలతో ఎవరో ఒకరు అద్దం పక్కకు వచ్చి నిలబడతారు. పదో ఇరవయ్యో ఇస్తున్నాను. గత నెల రాసి చూస్తే 600 దాటింది. రోడ్డు ప్రభుత్వానిది, వారికెందుకు ఇవ్వాలని మా అబ్బాయి అంటాడు. ఎండలో నిలబడ్డ పెద్దాయనకు పది రూపాయల దగ్గర లెక్కలేమిటని మా ఆవిడ అంటుంది. ఇవ్వకపోతే కారు మీద గీత పెడతారేమోనని నా భయం. కారుకు థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంది. ఇవ్వాలా, మానాలా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది 600 రూపాయల మాట కాదండీ, చివరన మీరు మామూలుగా రాసేసిన బీమా మాట. ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను. థర్డ్ పార్టీ పాలసీ మీ కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికే వర్తిస్తుంది. మీ కారు మీద గీత పడినా, సొట్ట పడినా, కారే పోయినా దాని నుంచి మీకు పైసా రాదు. నెలకు 600 అంటే ఏడాదికి 7,200. 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు ఉన్న సొంత కారుకు 2022 జూన్‌లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. అంటే చట్టం తప్పనిసరి చేసిన బీమాకు రెండింతలకు పైగా డబ్బును, ఏ పూచీ లేని ఒక ధైర్యం కోసం మీరు ఖర్చు పెడుతున్నారు. ఈల వేసుకున్న మనిషి మంచివాడే కావచ్చు. అయినా మీ కారు పోతే ఆయన ఏం తెచ్చి ఇవ్వగలడు?

ఇక్కడ చట్టం సంగతి కొంత తెలిసి ఉండాలి. ఒక వస్తువును తిరిగి ఇచ్చే షరతు మీద ఒకరి స్వాధీనం చేస్తే, దానిని తగిన జాగ్రత్తతో చూడవలసిన బాధ్యత తీసుకున్నవారిదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. హోటల్ సిబ్బందికి తాళాలు ఇచ్చి పార్క్ చేయించిన కారు దొంగతనానికి గురైన కేసులో, హోటలే బాధ్యత వహించాలని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రోడ్డు పక్కన మీ బండిని కనిపెట్టి ఉన్న మనిషికి మీరు తాళం ఇవ్వలేదు, ఆయన చీటీ ఇవ్వలేదు. కాబట్టి మీ పది రూపాయలతో అటువంటి బాధ్యత ఆయన మీదికి వెళ్లదు. చోటు ఇరుకుగా ఉన్నచోట కొందరు తాళం అడుగుతారు, పొరపాటున కూడా ఇవ్వకండి. దొంగతనం క్లెయిములో బీమా సంస్థ రెండు తాళాలూ అడుగుతుంది, ఒకటి మీ దగ్గర లేకపోతే ఆ కథ చెప్పుకోవడమే పెద్ద పని అవుతుంది.

కాబట్టి భయం ఖర్చును బీమా పద్దుకు మార్చండి. థర్డ్ పార్టీ పాలసీ అమల్లో ఉన్న కారుకు సొంత నష్టానికి విడిగా పాలసీ తీసుకునే వీలు 2019 సెప్టెంబరు నుంచి ఉంది. పాత కారు కనుక బీమా సంస్థ ముందు బండిని తనిఖీ చేస్తుంది. రెండు మూడు సంస్థల ధరలు అడిగి చూడండి. అడగడానికి ముందు మరొకటి సరిచూసుకోవాలి: కారు కొన్నప్పుడు ఆర్సీతో పాటు బీమా కూడా మీ పేరు మీదికి మారిందా? యాజమాన్యం మారిన 14 రోజుల్లో బీమా సంస్థకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పాత కార్లు కొన్నవారిలో చాలామంది ఆర్సీ చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. పాలసీ పాత యజమాని పేరుతోనే ఉండిపోతుంది. అమ్మిన ఆయనకు ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు సొంత నష్టం ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా మీకు రాదు, అది మనిషిదే గానీ బండిది కాదు.

అయితే బీమా ఉన్నా ప్రతి గీతకూ క్లెయిమ్ చేయడం తెలివైన పని కాదు. 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిములోనూ మొదటి 1,000 రూపాయలు యజమానే భరించాలి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరే నో క్లెయిమ్ బోనస్ కూడా ఒక్క క్లెయిముతో సాధారణంగా పోతుంది. మూడు వేల రూపాయల బంపరు గీతకు బీమా తలుపు తడితే చివరకు మిగిలేది స్వల్పమే. మరి అటువంటి చిన్న గీత పడకుండా చూసేది ఎవరు? తరచుగా మీరు అనుమానించే ఆ మనిషే. ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రం పూట ఇరుకు సందులోంచి కారును వెనక్కి తీయవలసి వచ్చినప్పుడు, వెనుక వచ్చే ఆటోను చెయ్యెత్తి ఆపి, "రండి, రండి, కుడికి కొట్టండి" అని నడిపించే సేవకు పది రూపాయలు ఎక్కువ కాదు. ఎండాకాలంలో బైకు సీటు మీద అట్టముక్క కప్పి ఉంచేవారిని మీరూ చూసే ఉంటారు. ఒకసారి విజయనగరం గంటస్తంభం దగ్గర నేను కారు వెనుక అద్దం దించి మరచిపోయి దుకాణంలోకి వెళ్లిపోయాను; ముప్పావు గంట తరువాత వచ్చేసరికి ఒక పెద్దాయన ఆ అద్దం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నేను ఇచ్చినది పది కాదు. అందుకు ఏ పట్టికలోనూ సూత్రం లేదు, వెతకలేదు కూడా.

అందువల్ల ఇవ్వడం, మానడం అన్నది మనిషిని బట్టి కాక పనిని బట్టి నిర్ణయించుకోండి. చోటు చూపించినా, నీడ చూసి పెట్టించినా, బండి తీయించినా ఇవ్వండి. మీరు దిగినప్పుడు కనిపించక, తాళం తిప్పినప్పుడే ప్రత్యక్షమైన మనిషికి ఇవ్వనవసరం లేదు. నమస్కారం పెట్టి కదలండి. ఈ విషయంలో మీ అబ్బాయి మాట నిజమే, ప్రభుత్వ రోడ్డు మీద దబాయించి అడిగే హక్కు ఎవరికీ లేదు. రథసప్తమి వంటి రద్దీ రోజుల్లో రుసుము వసూలు చేసేచోట ముందు చీటీ అడగండి. ధర అచ్చువేసిన చీటీ ఇస్తే అది రుసుము, అంతే చెల్లించండి, పైన మరేమీ అక్కరలేదు. చీటీ లేదంటే అది మీ ఇష్టం మీద ఇచ్చేది మాత్రమే, ఇంత ఇవ్వాలని నిర్ణయించేది మీరే.

ఇక డబ్బు అదుపు సంగతి. 600 కావడానికి దానగుణం కన్నా చిల్లర లేకపోవడమే పెద్ద కారణమని నా అనుమానం. పది లేక ఇరవై, ఇరవై లేక యాభై ఇచ్చి వచ్చిన రోజులు మీ రాతలో ఎన్ని ఉన్నాయో చూడండి. ప్రతి నెల ఒకటో తేదీన 300 రూపాయలను పది రూపాయల నాణేలుగా మార్చి కారులో ఒక చిన్న డబ్బాలో వేయండి. డబ్బా ఖాళీ అయితే ఆ నెలకు ఆ పద్దు ముగిసినట్లే. ఫోనులో చెల్లిస్తే సులువే గానీ, పదులు పదులుగా పోయినది ఖాతా వివరాల్లో పాల డబ్బుతోనూ కూరగాయల డబ్బుతోనూ కలిసిపోయి కనిపించకుండా పోతుంది. మిగిలిన 300 ఏడాదికి 3,600 అవుతుంది, దానిని సొంత నష్టం పాలసీ ప్రీమియానికి కేటాయించండి; తక్కువ పడితే ఆ కాస్తా జీతంలోంచి కలపండి. ఈ 300ను సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండులో వేస్తే ఇరవై ఏళ్లకు ఎంతవుతుందని లెక్క కట్టి చూపేవారు ఉంటారు. సొంత నష్టానికి బీమా లేని కారు పెట్టుకుని ఆ లెక్క చూడడం ఇప్పుడు మీకు తగిన పని కాదు.

మీ ఆవిడ మాటను కూడా నేను పక్కన పెట్టడం లేదు. మీకు రోజూ కనిపించే ఆ పెద్దాయన పగలంతా కదిలే బండ్ల మధ్య నిలబడి ఉంటాడు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకు, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రెండు లక్షల రూపాయలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వయసు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. మీ డబ్బాలోని రెండు నాణేలు ఆ ప్రీమియానికి సరిపోతాయి. ఆయనకు ఖాతా ఉందా, ఆ పథకంలో చేరాడా అని ఈసారి బండి తీసేటప్పుడు అడగండి. చేరకపోతే బ్యాంకులో ఇవ్వవలసిన కాగితం నింపిపెట్టడానికి ఖాతాలు చూసే మీకు అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఆ బీమా ఏడాది జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది కనుక, మే నెల చివర ఖాతాలో ఆ ఇరవై రూపాయలు ఉంచమని ఆయనకు ఒకసారి గుర్తు చేయండి.